స్థానిక ఆచారాల అనుబంధం

ముప్పై ఒక్క సంవత్సరాల ఉద్యోగంలో నేను రాసిన రిపోర్టులన్నీ కలిపితే ఒక చిన్న వ్యాను నిండుతుంది. వాటిలో పైవాళ్లు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, చప్పట్లు కొట్టి, నాకు శాలువా కప్పించినది ఒక్కటే. నాలుగు పేజీలు. ఆ నాలుగు పేజీలకు శాలువాలు కప్పుకుంటున్న పూటే ఒక మనిషి ఊపిరి ఆగిపోబోయింది. సేఫ్టీ కోర్సులు చదివి, గీత పడని కొత్త హెల్మెట్లతో ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు ఆ సంగతి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. పేర్లు మాత్రం చెప్పను. అందులో చాలామంది ఇంకా ఉద్యోగాల్లోనే ఉన్నారు. కొందరికి ప్రమోషన్లు కూడా వచ్చాయి.

మాది ఎలమంచిలి దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో చేరి, సాయంత్రాలు చదువుకుని, చివరికి విశాఖ రేవులో ఓడల నుంచి సరుకు దించే ఒక ప్రైవేటు కంపెనీలో సేఫ్టీ ఆఫీసరునయ్యాను. ఆఫీసరు అనిపించుకున్న మరునాటి నుంచి ఆఫీసు భాష నేర్చుకున్నాను. ‘నాను’ పోయి ‘నేను’ వచ్చింది, ‘ఏటి’ పోయి ‘ఏమిటి’ వచ్చింది. మా ఊరు వెళ్లినప్పుడు కూడా అలాగే మాట్లాడి మా పెదనాన్నచేత తిట్లు తిన్నాను.

బొగ్గు ఓడ వస్తే నా పని చాలా చిన్నది. ఓడ అడుగున సరుకుండే గదిని మేం హేచ్ అంటాం. వారాల తరబడి మూసి ఉంచిన బొగ్గు, చుట్టూ ఉన్న గాలిలోని ప్రాణవాయువును తినేస్తుంది. పైన పెద్ద మూత తెరిచినా, మనుషులు దిగే నిచ్చెన దారి సన్నటి గొట్టంలా ఉంటుంది కాబట్టి అక్కడి పాడుగాలి కదలదు. దానికి రంగుండదు, వాసనుండదు. అందుకని ఎవరైనా దిగే ముందు నేను వెళ్లి, గ్యాస్ మీటరును తాడుకి కట్టి కిందికి దించి, అంకె చూసి, పర్మిట్ కాగితం మీద సంతకం పెట్టాలి. పదిహేను నిమిషాల పని.

ఆ పదిహేను నిమిషాలు నేను చాలా ఏళ్లు ఒళ్లు దాచుకోకుండా చేశాను. ఆ మాట ముందే చెప్పుకుంటే నాకు కొంచెం ధైర్యంగా ఉంటుంది.

తరవాత ఓడలు పెరిగాయి. ఒకే పూట రెండు బెర్తుల్లో, అంటే ఓడలు ఆగే రెండు చోట్ల, పని. మా మేస్త్రీ, అంటే కూలీల గ్యాంగుకి పెద్ద, నా వయసువాడే. గాజువాకలో వాళ్ల చర్చిలో కూడా పెద్ద. ఆదివారం తెల్లచొక్కాతో ముందు వరసలో కూర్చుంటాడు, సోమవారం నుంచి రేవులో గొంతు చించుకుంటాడు. పదిమందిలో నన్ను సార్ అనేవాడు, ఇద్దరమే ఉంటే బావా అనేవాడు.

“బావా, నువ్వు రెండో ఓడ కాడ ఉంతే ఇక్కడ మావోళ్లు గంటసేపు కూకుంతన్నారు. జీయమ్ము నామీద అరుత్తన్నాడు. నీ సంతకాలు నాలుగు ఇచ్చీసి ఎల్లిపో. మీటరు నాను సూసుకుంతాను,” అన్నాడొక రోజు. జీయమ్ము అంటే మా జనరల్ మేనేజరు.

నాలుగు కాగితాలిచ్చాను. మీటరు ఇవ్వలేదు, అది ఖరీదైనది, నా పేరు మీద ఉంది. మీటరు లేకుండా అతను ఏం చూసుకుంటాడో అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాలుగు కాగితాలు పదయ్యాయి, పది ఇరవై అయ్యాయి. ఏడాది తిరిగేసరికి నేను సోమవారం ఉదయం టీ తాగుతూ వారానికి సరిపడా పర్మిట్ల మీద సంతకాలు చేసే స్థితికి వచ్చాను. మీటరు నా సొరుగులో బిస్కెట్ పొట్లం పక్కన పడుకునేది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం చాలా ప్రమాదకరమైన గురువు అని ఇప్పుడు తెలుసు. అప్పట్లో దాన్ని అనుభవం అనుకున్నాను.

అలా ఉండగా మా కంపెనీలో యూరపు కంపెనీ ఒకటి భాగస్వామిగా చేరింది. డబ్బుతో పాటు వాళ్లు ఒక నీలం అట్ట పుస్తకం పంపారు. నీతి నియమావళి. దాన్ని అమలుచేయించడానికి ఒక సలహాదారును కూడా పంపారు. పొడుగ్గా, మెత్తగా, కళ్లజోడుతో ఉండే మనిషి. దిగిన రోజునే గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి జనరల్ మేనేజరు దాకా అందరికీ రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. మా వాచ్‌మన్ సెల్యూట్ మధ్యలో ఆపేసి, ఏం చేయాలో తెలియక చెయ్యి అలాగే గాల్లో ఉంచాడు.

మాకందరికీ భయంగా ఉంది. నీలం పుస్తకం ప్రకారం చూస్తే మా కంపెనీలో తప్పు చేయని వస్తువు గోడగడియారం ఒక్కటే. కానీ మొదటి మీటింగులోనే ఆయన మా భయం తీర్చేశాడు.

“నేను మీకు నీతులు చెప్పడానికి రాలేదు,” అన్నాడు ఇంగ్లీషులో. “ఒక సమాజపు మంచిచెడ్డలను ఇంకో సమాజం కొలబద్దతో కొలవడం అహంకారం. మా పూర్వీకులు ఆ తప్పు చాలా చేశారు. ఈ పుస్తకం మా సంస్కృతి నుంచి పుట్టింది. మీ సంస్కృతి మీద దాన్ని రుద్దే హక్కు నాకెక్కడిది? మీ ఆచారాలేమిటో మీరే చెప్పండి. వాటిని అనుబంధంగా చేరుద్దాం.”

మా జనరల్ మేనేజరుగారిది కృష్ణా జిల్లా. చురుకైనవాడు. ఆయన ముఖం దీపావళినాటి వాకిలిలా వెలిగింది. మీటింగు అవగానే నన్ను గదిలోకి పిలిచారు.

“విన్నారు కదండీ. పెద్ద మనసున్న మనిషి. నీతి అన్నది భోజనం లాంటిదండీ, దేశానికొక రకం. వాళ్లు బ్రెడ్డు తింటారు, మనం అన్నం తింటాం. ఎవరిది తప్పు? మీకు తెలుగూ వచ్చు, ఇంగ్లీషూ వచ్చు, ఇక్కడివారు. ఆ అనుబంధం మీరు రాయండి.”

“ఏం రాయాలి సార్?”

“మనం చేసేవన్నీ రాయండి. ఆచారం అని పేరు పెట్టండి.”

సరిగ్గా ఆ సమయంలో, ఆ ఉదయం అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన గుమాస్తా ఒకాయన తలుపు దగ్గర కనిపించాడు. జనరల్ మేనేజరుగారు అతనికి సగం రోజు సెలవు రాసేశారు. మా ఊళ్లో బస్సు కోసం అయిదు నిమిషాలు ఆగడం ఆచారం సార్ అని అతను అనలేదు. అంటే ఏమయ్యేదో నాకు తెలుసు. క్రమశిక్షణ ఏ దేశంలోనైనా క్రమశిక్షణే అనేవారు.

అనుబంధం రాయడం నా జీవితంలో నేను అత్యంత సంతోషంగా చేసిన పని. సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను. రాతలో అంత పనితనం నాలో ఉందని నాకే తెలియదు. మేస్త్రీలు తమ చుట్టాలనే పనిలోకి తెచ్చుకోవడం మా దగ్గర జరిగేది కదా, దాన్ని ‘బంధుత్వాధారిత బాధ్యతా వ్యవస్థ’ అన్నాను. కూలీలు బెల్టులు కట్టుకోకపోవడానికి కారణం స్టోరులో బెల్టులు లేకపోవడం. నేను దాన్ని ‘శరీర స్వేచ్ఛపట్ల ఈ తీరప్రాంత ప్రజల సహజ అభిమానం’ అని రాశాను. ఆఫీసరు వస్తుంటే మాత్రమే హెల్మెట్ పెట్టుకోవడాన్ని, గుడి ముందు చెప్పులు విడవడంతో పోల్చాను. పెద్దవాళ్లను ‘పరీక్ష చేశారా’ అని అడగడం ఇక్కడ అమర్యాద అన్నాను. ఇక మూడో పేజీలో నా గుండెకు దగ్గరి విషయం వచ్చింది. ‘పాశ్చాత్య దేశాల్లో సంతకం అంటే నేను చూశాను అని అర్థం. ఈ ప్రాంతంలో సంతకం అంటే నేను నిన్ను నమ్ముతున్నాను అని అర్థం.’

ఆ వాక్యం రాసి, కుర్చీలో వెనక్కి వాలి, నాకు నేనే రెండుసార్లు చదువుకున్నాను. ఇంగ్లీషులో ఇంకా బాగా కుదిరింది.

సలహాదారు అది చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “నమ్మకం మీద నడిచే సమాజం,” అన్నాడు. “మేం పోగొట్టుకున్నది ఇదే.”

ఆ వారంలోనే ఆయనకు ఓడ హేచ్‌లోకి దిగి చూడాలనిపించింది. నిచ్చెన దారి మూత దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన లోపలికి తొంగిచూసి, నా వైపు తిరిగి, “గాలి పరీక్ష చేశారా?” అన్నాడు.

“పర్మిట్ మీద సంతకం ఉంది సార్,” అన్నాను.

ఆయన ఆ కాగితం చూసి చిరునవ్వు నవ్వాడు. నేనూ నవ్వాను. మా ఇద్దరి మధ్యా మూడో పేజీ ఉంది.

“నమ్ముతాను,” అన్నాడు. “కానీ ఒకసారి మీటరు దించి చూపిస్తారా?”

ఆఫీసుకు మనిషిని పంపి, సొరుగులోంచి మీటరు తెప్పించి, దించి చూపించాను. ఇంకోసారి దించమన్నాడు. ఇంకోసారి దించాను. ఆ తరవాత తన సంచిలోంచి తన సొంత బెల్టు తీసి కట్టుకుని, తన సొంత మీటరు జేబుకి తగిలించుకుని దిగాడు. సంస్కృతి విషయంలో ఆయన ఎంత ఉదారుడైనా ఊపిరితిత్తుల విషయంలో మాత్రం ప్రపంచానికంతటికీ ఒకటే ప్రమాణం. నేనూ జనరల్ మేనేజరుగారూ ఆ సాయంత్రం దాని గురించి చెప్పుకుని కడుపుబ్బ నవ్వుకున్నాం. నవ్వాల్సింది ఎవరిని చూసో మాకప్పుడు తట్టలేదు.

ఆయన తిరిగి వెళ్లే రోజున కాన్ఫరెన్సు హాల్లో సభ పెట్టారు. ఉదయం పదకొండు గంటలు. జనరల్ మేనేజరుగారు ఆయనకు శాలువా కప్పారు, నాకూ ఒకటి కప్పారు. ఆయన నా అనుబంధాన్ని రెండు చేతుల్తో పైకెత్తి పట్టుకున్నాడు. ఫోటో తీస్తుండగా నా జేబులో ఫోను మోగింది. కట్ చేశాను. మళ్లీ మోగింది. మేస్త్రీ.

“బావా, మనోడు పడిపోనాడు. హేచ్‌లో. పిలుత్తంతే పలకటంనేదు.”

శాలువాతోనే పరుగెత్తాను.

పడిపోయినవాడిది జాలరిపేట. ముప్పై అయిదేళ్లుంటాయి. సముద్రం మీద వేట సరిగా దొరక్క రేవు పనిలోకి వచ్చాడు. మూలల్లో మిగిలిన బొగ్గు పారతో లాగడానికి నిచ్చెన దారిలో దిగాడు. మొదటి మెట్ల వరస దిగి, మధ్యలో అరుగులా ఉండే చిన్న ఇనుప చపటా మీద అలాగే కూలబడ్డాడు. అతన్ని తేవడానికి అతని బావమరది మూతలోకి కాలు పెట్టాడు. అప్పుడు ఓడలోని పెద్ద ఆఫీసరు ఒకాయన పరుగున వచ్చి, కాలర్ పట్టుకుని అతన్ని వెనక్కి ఈడ్చిపారేశాడు. ఏ దేశంవాడో మాకు తెలియదు. ఏ భాషలో అరిచాడో తెలియదు. మా గ్యాంగులో మిగిలినవాళ్లందరూ ఒక్క అడుగు ముందుకు వేయకుండా ఆగిపోయారంటే, ఏమన్నాడో అందరికీ అర్థమైందన్నమాట. ఆయన, ఇంకో నావికుడు వీపులకు గాలి సిలిండర్లు తగిలించుకుని, ముఖాలకు ముసుగులు బిగించుకుని దిగి, మా మనిషిని తాడుతో పైకి పంపారు.

నేను చేరేసరికి డెక్కు మీద పడుకోబెట్టి ఛాతీ నొక్కుతున్నారు. పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. పర్మిట్ కాగితం పక్కనే రేకు మీద అయస్కాంతం కింద రెపరెపలాడుతోంది. దాని కింద నా సంతకం. ఆ సంతకం పెట్టిన రోజు ఆ ఓడ ఇంకా రేవులోకి రానేలేదు.

బతికాడు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. కుడిచేతికి వణుకు మిగిలింది. మాటల మధ్యలో ఒక్కోసారి ఆగిపోయి, ఏం చెబుతున్నాడో వెతుక్కుంటాడు.

మూడో రోజు అతని తల్లి ఆఫీసు గేటు దగ్గరికి వచ్చింది. చేపలమ్మే మనిషి. ఖాళీ తట్ట పక్కన పెట్టుకుని, వాచ్‌మన్ ఎంత చెప్పినా కదలకుండా నీడలో కూర్చుంది. నేనే బయటికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలుసా, ఆవిడకు ధైర్యం చెప్పడానికి. అప్పటికి నేను అలాంటి మనిషిని.

“ఆ కాయితం మీద సంతకం నీదేనేటి బాబూ?” అంది.

“నాదేనమ్మా.”

“గాలి సూసి ఎట్టినావా?”

ఆ ప్రశ్న కోర్టులో వేస్తే జవాబు నా దగ్గరుంది. కంపెనీలో వేసినా ఉంది. చేపల తట్ట పక్కన కూర్చుని అడిగితే లేదు. అయినా మూడో పేజీ అలవాటు పడిన నోరు కదా.

“అమ్మా, ఇది ఒక్కరి పద్ధతి కాదు. ఇక్కడ ఎప్పటినుంచో ఇలాగే నడుస్తోంది. ఒకరినొకరు నమ్ముకుని పనిచేస్తాం. ఒక్కో చోట ఒక్కో ఆచారం ఉంటుంది,” అన్నాను.

ఆవిడ నన్ను కాసేపు చూసింది. కోపం లేదు. చేప కొనేముందు మనం చూసే చూపు అది.

“నాను కూడా అబద్దమాడతాను బాబూ,” అంది. “నిన్నటి సేపని ఇయ్యాల్టిదంతాను. పిల్లలున్నదాన్ని, నాను మాత్రం ఏటి సేత్తానంతాను. ఆ మాట అన్నాక ఇంటికెల్లి అది అబద్దమని నాకు ఎరికే. మర్నాడు మంచి సేప ఒకటి ఎక్కువేత్తాను. నువ్వు అలక్కాదు. నువ్వు అబద్దానికి పేరు మార్సీసినావు. ఇంక నీకెప్పుడు తెలుత్తాది?”

తట్ట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో గ్యాస్ సిలిండరు మార్చాను. ఎప్పటిలాగే సబ్బునురుగు తెచ్చి, రెగ్యులేటరు చుట్టూ రాసి, బుడగలు వస్తున్నాయేమోనని వంగి చూస్తున్నాను. నా భార్య వంటింటి గడప దగ్గర నిలబడింది. అనుబంధం గురించి నేను ఇంట్లో గొప్పలు చెప్పుకున్నప్పుడు ఓపికగా విన్న మనిషి.

“సిలిండరు తెచ్చినోడు మనకి పదేళ్లబట్టి తెలుసు కదా,” అంది. “నమ్మకస్తుడే. మరి సబ్బునీళ్లెందుకు?”

రెగ్యులేటరు కింది వైపు కూడా ఇంకోసారి నురుగు రాశాను.

అయినా సరే, ఆ రాత్రికి రాత్రి సత్యవంతుణ్ని అయిపోయానని అనుకోకండి. మర్నాడు ఆఫీసుకు వెళ్లి మూడు వివరణ పత్రాలు రాశాను. మూడింటిలోనూ ‘విచారిస్తున్నాను’ అని ఉంది. ‘నేను చూడలేదు’ అని ఒక్కదానిలోనూ లేదు. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. భయం దేశకాలాలకు అతీతమైనది. దానికి ఏ అనుబంధమూ అక్కర్లేదు.

పడిపోయినవాడు లేచి తిరగగలిగాక విచారణ పెట్టారు. అదే కాన్ఫరెన్సు హాలు. బల్లకు తల దగ్గర జనరల్ మేనేజరుగారు. గోడమీది తెరలో యూరపు నుంచి సలహాదారు. ఇటు మేస్త్రీ, పక్కన అతను, వణికే చేతిని ఎడమచేత్తో పట్టుకుని. విచారణ జరుగుతున్నది నా సంతకం మీదే అయినా, తెలుగును ఇంగ్లీషు చేసేవాడు ఇంకొకడు లేక అనువాదకుణ్నీ నేనే. అది తప్పని హాల్లో ఎవరికీ తోచలేదు. అదీ ఆచారమే.

ముగింపు ముందే టైపు చేసి ఉంది. నేను చూశాను. ‘గాలి పరీక్ష జరిగింది. కార్మికుడు అనుమతి లేని చోటికి వెళ్లి ఉండవచ్చు. స్థానికుల శరీర స్వేచ్ఛాభిమానాన్ని దృష్టిలో ఉంచుకుని ఎవరినీ దోషిగా చూడరాదు.’ నా వాక్యమే. శరీర స్వేచ్ఛ అన్న మాట ఎంత పనికొచ్చిందో చూడండి. ఎవరూ దోషి కాదంటూనే పడిపోయినవాణ్ని దోషి చేసింది.

సలహాదారు చాలా మృదువుగా అడిగాడు. “ఆ రోజు మీరు దిగే ముందు గాలి పరీక్ష జరిగిందా?”

ఆ ప్రశ్న అతనికి తెలుగులో చెప్పాను. అతను నా వైపు చూడలేదు. మేస్త్రీ వైపు ఒక్కసారి చూసి, బల్ల మీదకు చూస్తూ అన్నాడు.

“జరిగినాది. సారు వచ్చినారు. తాడేసి మీటరు దించినారు. నా కళ్లతో నాను సూసినాను.”

జనరల్ మేనేజరుగారు తృప్తిగా పెన్ను మూత తీశారు.

సంగతేమిటో తరవాత తెలిసింది. పరీక్ష జరగలేదని తేలితే గ్యాంగు పద్నాలుగు మందినీ తీసేస్తారని మేస్త్రీకి భయం. అందుకని ఆసుపత్రికే వెళ్లి అతని దగ్గర మాట తీసుకున్నాడు. చర్చి పెద్ద అబద్ధం చెప్పించాడని మీరు ముఖం చిట్లిస్తారేమో. పద్నాలుగు కుటుంబాల కోసం చెప్పించాడు. మాట ఇచ్చినవాడు కూడా వాళ్ల కోసమే ఇచ్చాడు. నా కోసం కూడానట. సారుకి సర్వీసు రెండేళ్లే ఉందంట, పాపం ఉద్యోగం పోతాది అన్నాడట.

ఇప్పుడు ఆ అబద్ధాన్ని నేను ఇంగ్లీషులోకి మార్చాలి.

తెరలో ఆయన ఎదురుచూస్తున్నాడు. నేను నోరు తెరిచాను. “హీ సేస్...” అన్నాను. ఆగాను. మూడు పత్రాలు తెలివిగా రాసిన చెయ్యి నాది. కానీ నా పాపానికి ఊపిరి పోగొట్టుకోబోయినవాడు, నన్ను కాపాడటానికి చెబుతున్న అబద్ధాన్ని నా నోటితోనే చక్కని ఇంగ్లీషులో చెప్పలేకపోయాను. ధైర్యం అనుకోకండి. అసహ్యం. నామీద నాకే.

“నేను వచ్చి పరీక్ష చేయడం తన కళ్లతో చూశానని చెబుతున్నాడు,” అన్నాను. “అది అబద్ధం. నేను రాలేదు. ఆ సమయంలో నేను ఈ హాల్లోనే శాలువా కప్పించుకుంటున్నాను. మీటరు నా సొరుగులో ఉంది. ఆ పర్మిట్ మీద నేను నాలుగు రోజుల ముందే సంతకం చేశాను.”

“ఏమండీ,” అన్నారు జనరల్ మేనేజరుగారు తెలుగులో, పళ్ల మధ్య నుంచి. “మీరు అనువాదం చేయండి. అంతే.”

సలహాదారు తలపట్టుకుని ఆలోచించాడు. “ఒక్క సందేహం. ఆయన ‘చూశాను’ అన్నాడు కదా. మీ భాషలో ఆ మాటకు వేరే అర్థం ఏమైనా ఉందా? ‘నమ్మాను’ అన్నట్టు?”

“లేదు సార్. చూడటం అంటే చూడటమే. మీ భాషలో ఎలాగో మా భాషలోనూ అంతే. మీరు దిగిన రోజు నేను మీటరు రెండుసార్లు దించాను. ఆ రోజు మీరు చూశారే, అలా చూడటం.”

ఆయన ముఖం ఎర్రబడింది. అంతదూరం నుంచి కూడా తెలిసింది. ఆయన చెడ్డవాడు కాదు. మనల్ని గౌరవిస్తున్నాననుకుంటూ, మన ప్రాణాలకు తన ప్రాణానికి ఉన్నంత ధర లేదని ఒప్పుకున్నవాడు. ఒప్పుకోమని నచ్చజెప్పింది నేను.

తరవాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. నెల రోజులు సస్పెండయ్యాను. తిరిగొచ్చాక స్టేషనరీ సెక్షనులో వేశారు. రిటైరయ్యేదాకా క్యాలెండర్లు పంచాను. తప్పు నా సంతకంది కాబట్టి గ్యాంగు జోలికి పోలేదు, మేస్త్రీ మాత్రం నన్ను బావా అనడం మానేశాడు. హేచ్‌లోకి దిగేవాడు తానే మీటరు అంకె చూసి తన చేత్తో రాయాలని కొత్త నియమం వచ్చింది. అనుబంధాన్ని తీసేస్తారనుకున్నాను. తీసేయలేదు, సవరించారు. అందులో కొత్తగా ఒక పేరా చేరింది. ‘బహిరంగ సభలో తన తప్పు తానే ఒప్పుకోవడం ఈ ప్రాంతంలోని ఒక విశిష్ట సంప్రదాయం.’ మా జనరల్ మేనేజరుగారు ఇప్పుడు పైస్థాయిలో ఉన్నారు. ఆ సంప్రదాయాన్ని ఆయన ఇంతవరకూ పాటించలేదు.

సస్పెన్షనులో ఉండగా ఒక ఆదివారం ఉదయం జాలరిపేట వెళ్లాను. నిజం చెప్పాలంటే మెచ్చుకుంటారనే వెళ్లాను. నిజం చెప్పి ఉద్యోగం మీదికి తెచ్చుకున్నవాడిని, ఒక కుర్చీ వేసి టీ అయినా ఇస్తారనుకున్నాను. అతను ఇంటి ముందు వల ముడులు విప్పుతున్నాడు. చెయ్యి వణకడంతో ఒక్కో ముడికీ చాలాసేపు పడుతోంది. తల్లి గుమ్మంలో ఉంది. కూర్చోమని ఇద్దరూ అనలేదు.

“ఎందుకు సేసినావు సారూ అలగ?” అన్నాడు తల ఎత్తకుండానే.

“నిజం చెప్పాలి కదా,” అన్నాను.

“మేస్త్రీకి మాటిచ్చినాను. పేటలో అందరికీ తెలుసు. నువ్వు లేచి, ఆడు సెప్పినాది అబద్దం అన్నీసినావు. పదిమందిలో నన్ను అబద్దాలోడ్ని సేసీసినావు. నాను నీకోసరం...” అని ఆగిపోయాడు. మాట వెతుక్కున్నాడు. చాలాసేపటికి గాని దొరకలేదు. “నీకోసరం ఆడినాను.”

నేను వివరించబోయాను. సత్యం అందరికీ ఒకటేననీ, ఒక అబద్ధం ఎంత మంచిదైనా అది ఇంకో మనిషిని హేచ్‌లోకి దించుతుందనీ, అలాంటివి. నాకు ఎప్పుడూ ఏదో ఒక సిద్ధాంతం దొరుకుతుంది. ముందు ఆ వైపుది, ఇప్పుడు ఈ వైపుది.

అతను వల కింద పెట్టాడు.

“సత్తెం సంగతి కంపెనీవోళ్లకి సెప్పుకో సారూ. వోళ్లకి సెప్పినావు, ఆ టీవీలో దొరకి సెప్పినావు. నాకు సెప్పినావా?”

కాగితాలు మూడు రాశాను. హాల్లో అందరి ముందూ చెప్పాను. ఇంగ్లీషులో చెప్పాను. ఈ మనిషితో మాత్రం ఒక్క ముక్క అనలేదు. హాల్లో నేను మాట్లాడింది అతనికి మేస్త్రీ చెబితే తెలిసింది.

ఎండలో నిలబడి ఉన్నాను. ఆఫీసు తెలుగు ఎంత వెతికినా రాలేదు. వచ్చిన మాట మా అమ్మ దగ్గర నేర్చుకున్నది.

“నాను రానేదు,” అన్నాను. “సూడనేదు. సూడకండా సంతకం ఎట్టీసినాను. నువ్వు పడిపోనావు. తప్పు నాది.”

అతను నా ముఖంలోకి చూశాడు. ఆ రోజు తరవాత అతను నన్ను సూటిగా చూడటం అదే మొదటిసారి.

“ఇన్నాను,” అన్నాడు.

క్షమించానని అనలేదు. అడగడానికి నాకూ నోరు రాలేదు. తల్లి లోపలికి వెళ్లి ఒక పీట తెచ్చి, నాకూ అతనికీ మధ్య నేల మీద వేసింది.